రాత్రిళ్లు చెయ్యి తిమ్మిరి: తప్పు కీబోర్డుదేనా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. సీనియర్ ఫ్రంటెండ్ వెబ్ ఆర్కిటెక్ట్‌ని. విజయనగరంలో ఇంటి నుంచే పని చేస్తున్నాను. మూడు నెలలుగా తెల్లవారుజామున కుడి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తోంది. విదిలిస్తే సర్దుకుంటుంది. మొన్న స్కూటీ మీద రామతీర్థం వెళ్తూ రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఈమధ్య బరువు కూడా పెరిగాను. పక్షవాతమేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఉద్యోగం మానేయాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల భయం తీర్చండి. పక్షవాతం ఉన్నట్టుండి వస్తుంది. మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది, ఒక పక్క పట్టు తప్పుతుంది. అలాంటప్పుడు వెంటనే 108కి ఫోన్ చేయాలి. నెలల తరబడి రాత్రిళ్లు వచ్చి, విదిలిస్తే పోయే తిమ్మిరి తీరు వేరు.

మీరు రాయని విషయం ఒకటుంది. చిటికెన వేలు కూడా మొద్దుబారుతోందా? ఈసారి మెలకువ వచ్చినప్పుడు లైటు వేసి ఒక్కో వేలూ తాకి చూసుకోండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, చిటికెన వేలు మామూలుగా ఉంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోతోందని అనుమానించాలి. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటాం. అక్కడ ఇరుకు దారిలో వేళ్లను మడిచే 9 టెండాన్లతో (కండను ఎముకకు కలిపే తాళ్లతో) పాటు ఈ నరం కూడా దూరి వెళ్తుంది. నిద్రలో మణికట్టు మడిచి పడుకుంటాం కాబట్టి రాత్రిళ్లు ఎక్కువ. బాధంతా చిటికెన వేలిదే అయితే నరం మోచేతి దగ్గర నొక్కుకుపోతోందేమో చూడాలి. మోచెయ్యి బల్లకు ఆనించి గంటలకొద్దీ కాల్స్‌లో కూర్చుంటారా?

అందరూ కీబోర్డునే తిడతారు గానీ, టైపింగుకీ ఈ జబ్బుకీ లంకె అనుకున్నంత గట్టిది కాదు. పైగా మీ హోదాలో కోడ్ రాయడం కంటే పక్కవాళ్ల కోడ్ చూడడం, మౌస్ తిప్పడమే ఎక్కువేమో! మణికట్టు పైకి వంచి మౌస్ పట్టుకున్నా, బల్ల అంచు మణికట్టుకు నొక్కుకున్నా బాధ పెరుగుతుంది. అవి సరిచేసుకోండి. నా కన్ను మాత్రం ‘బరువు పెరిగాను’ దగ్గర ఆగింది. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా ఇదే తిమ్మిరి రావచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (షుగర్), విటమిన్ బీ12 పరీక్షలు ఈ వారమే చేయించుకోండి. గర్భిణుల్లోనూ ఇది మామూలే, ఆ అవకాశం ఉంటే డాక్టరుకు చెప్పండి.

రాత్రిళ్లు రిస్ట్ స్ప్లింట్ (మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ) కట్టుకుని ఆరు వారాలు పడుకోండి. షాపులో అమ్మే చాలా స్ప్లింట్లలో రేకు పైకి వంగి ఉంటుంది. దాన్ని బయటికి లాగి, తిన్నగా చేసి, మళ్లీ దూర్చండి. మణికట్టు తిన్నగా ఉంటేనే ఫలితం. నొప్పి బిళ్లలతో ఈ తిమ్మిరి పోదు.

ఆరు వారాలకీ తగ్గకపోతే నర్వ్ కండక్షన్ పరీక్ష (నరంలో సంకేతాలు సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసేది) చేయించాలి. తర్వాత ఇంజెక్షనా, చిన్న ఆపరేషనా అన్నది దాన్నిబట్టి ఉంటుంది. అయితే జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోతున్నా, గ్లాసు చేతిలోంచి జారుతున్నా, రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే కుడి బొటనవేలి కింది కండ పల్చబడినట్టున్నా ఆరు వారాలు ఆగొద్దు. కరిగిన కండ మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు.

ఉద్యోగం మానక్కర్లేదమ్మా. స్కూటీ హ్యాండిల్ అదురు మాత్రం ఈ నరానికి పడదు. అందుకని కొన్నాళ్లు రామతీర్థానికి బస్సులో వెళ్లండి.