ఓడలో మంచి గది దొరకాలంటే: కిరణ్‌కి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి, స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఓడ ఎక్కాక రిసెప్షన్‌లో మంచిగా మాట్లాడితే బాల్కనీ గది ఇస్తారా అని మొన్న ఫోన్లో అడిగావు. ఇవ్వరని ఒక్క ముక్కలో తేల్చేశాను గానీ, అమ్మానాన్నల్ని, చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని అంత దూరం వెళ్తున్నారు కాబట్టి వివరంగా రాయడమే మంచిదనిపించింది. తీరిగ్గా చదువుకో. బుకింగ్ కాగితాలు పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ముందు ఆ రిసెప్షన్ సంగతి. విమానాల్లోనూ హోటళ్ళలోనూ ఎప్పుడో ఎవరికో జరిగింది విని, ఓడలోనూ అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెళ్ళిరోజని చెబితే గది తలుపుకి బెలూన్లు కడతారేమో గానీ గది మాత్రం మార్చరు. అసలు వాళ్ళ చేతిలో ఖాళీ గది ఉండదు. ఓడ కంపెనీల లెక్కలో గదికి ఇద్దరు చొప్పున ఉంటే నూరు శాతం నిండినట్టు. మూడో మనిషి, నాలుగో మనిషి ఎక్కిన గదుల్ని కలిపితే ఆ లెక్క నూరు దాటిపోతుంది. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడలో గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తే 5,610 మంది, పడకలన్నీ నిండితే 7,600 మంది పడతారు. అంత పెద్ద ఓడలో కూడా బయల్దేరే రోజుకి ఖాళీ గది వెతికినా దొరక్కపోవడం మామూలే. ఆ కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిని బతిమాలి ఇద్దరూ ఇబ్బంది పడటం ఎందుకు?

మరి అప్‌గ్రేడ్‌లు, అంటే కట్టినదాని కన్నా పై రకం గదులు, ఎక్కణ్ణించి వస్తాయి? చవక గదులు ముందు అమ్ముడైపోతాయి. కిటికీ లేని లోపలి గదులు అయిపోయి బాల్కనీలు మిగిలిపోతే, లోపలి గది వాళ్ళని కొందరిని పైకి జరిపి, ఖాళీ అయిన ఆ చవక గదుల్ని మళ్ళీ అమ్ముకుంటారు. ఈ సర్దుబాటంతా ఓడ రేవు వదలడానికి వారాల ముందే కంపెనీ ఆఫీసులో జరుగుతుంది. కాబట్టి నీ ప్రయత్నం కూడా అప్పుడే జరగాలి.

అన్నిటికన్నా నమ్మకమైన దారి, అందరూ వదిలేసేది ఒకటుంది. నీ బుకింగ్‌కి ఫైనల్ పేమెంట్ తేదీ అని ఒకటి రాసి ఉంటుంది. చాలా కంపెనీల్లో అది ప్రయాణానికి 90 రోజుల ముందు, కొన్నింటిలో 120 రోజుల ముందు. ఆ తేదీ వరకూ గదుల రేట్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. వారానికోసారి అదే ఓడ, అదే తేదీకి బాల్కనీ రేటు చూస్తూ ఉండు. తగ్గితే వెంటనే ఫోన్ చేసి, ఇవాళ్టి రేటుకి మార్చమని అడుగు. తిరిగి ఇచ్చే డిపాజిట్ కట్టి ఉంటే అదనపు రుసుము లేకుండా మారుస్తారు. తిరిగి ఇవ్వని డిపాజిట్ అయితే మార్పుకి డబ్బు పట్టుకుంటారు, ఏ రకమో కాగితం మీదే రాసి ఉంటుంది. ఒక్కోసారి మీరు లోపలి గదికి మొదట ఒప్పుకున్న రేటుకీ, తగ్గిన బాల్కనీ రేటుకీ పెద్ద తేడా ఉండదు. అయితే మార్చే ముందు ఒక్కటి అడిగి తెలుసుకో. పాత బుకింగ్‌తో వచ్చిన వైఫై, డ్రింక్స్ ప్యాకేజీ, ఓడలో ఖర్చుకిచ్చిన క్రెడిట్ లాంటివి కొత్త రేటుతో కూడా ఉంటాయా, పోతాయా? గది పెద్దదైందని సంబరపడి ఇవన్నీ పోగొట్టుకున్న వాళ్ళని చూశాను.

నువ్వు ఏజెంట్ ద్వారా బుక్ చేశావు కదా, కాబట్టి మార్పులన్నీ ఆ ఏజెంటే చేయించాలి. కంపెనీకి నేరుగా ఫోన్ చేస్తే మీ ఏజెంట్‌ని అడగండి అంటారు. ఫైనల్ పేమెంట్ దాటాక రద్దు చేసుకుంటే కోత మొదలై, రోజులు దగ్గరపడేకొద్దీ మొత్తం పోయేదాకా వెళ్తుంది. అందుకే ఆ తేదీని క్యాలెండర్లో పెట్టుకో. దానికి వారం ముందు కూడా ఒక గుర్తు పెట్టుకో, ఏజెంట్ ఫోన్ ఎత్తడానికి రెండ్రోజులు పట్టొచ్చు.

గ్యారంటీ గది అని ఇంకో పద్ధతి ఉంది. ఫలానా రకం గదికి డబ్బు కడతావు, నంబరు వాళ్ళు వేస్తారు. కట్టిన రకానికి తగ్గదు, పై రకం రావచ్చు కూడా. ఒంటరిగా తిరిగేవాళ్ళకి, ఎక్కడైనా నిద్రపట్టే కుర్రవాళ్ళకి ఇది బాగా కలిసొస్తుంది. మీకు వద్దు. అమ్మ మోకాళ్ళకి లిఫ్ట్ దగ్గర గది కావాలి, మీ గదీ అమ్మానాన్నల గదీ ఒకే డెక్‌లో, అంటే ఓడలో ఒకే అంతస్తులో ఉండాలి. గ్యారంటీలో ఈ రెండూ మన చేతిలో ఉండవు.

ఇక బిడ్ సంగతి. పై రకం గదికి ఎంత ఇస్తావో చెప్పమని నీకు మెయిల్ వస్తుందని అన్నావు చూడు, అదే. ఓడ కంపెనీని బట్టి రాయల్ కరీబియన్‌లో రాయల్‌అప్ అనీ, సెలబ్రిటీలో మూవ్‌అప్ అనీ, నార్వేజియన్‌లో అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్ అనీ పేరేదైనా పద్ధతి దాదాపు ఒకటే. ఏయే రకం గదికి ఎంత ఇస్తావో నువ్వు చెప్పాలి, నచ్చితే వాళ్ళు ఒప్పుకుంటారు. తెర మీద ఒక మీటరు కనబడుతుంది, డబ్బు పెంచేకొద్దీ ముల్లు బలహీనం నుంచి బలం వైపు జరుగుతుంది. దాన్ని చూసి కంగారుపడి పెంచుకుంటూ పోకు. అది మన చేత ఎక్కువ పెట్టించడానికి పెట్టిన మీటరు. ఎంత గట్టిగా చూపించినా గది వస్తుందని హామీ లేదు, బలహీనంగా చూపించిన బిడ్లూ గెలుస్తుంటాయి.

బిడ్ పెట్టే ముందు చెయ్యాల్సిన లెక్క ఇది. అక్కడ కనబడే అంకె ఒక మనిషికి. 100 అని పెడితే నీ కార్డు మీద పడేది 200. రాయల్‌అప్‌లో గదిలో మొదటి ఇద్దరికీ లెక్కకడతారు, ఒక్కరే ఉన్నా ఇద్దరి డబ్బూ కట్టాల్సిందే. ఇప్పుడు నీ పాత గదికి కట్టింది, బిడ్ మొత్తం, రెండూ కలిపి చూడు. అదే రోజు అదే రకం గది బయట ఎంతకి అమ్ముతున్నారో దాని పక్కన పెట్టు. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే బిడ్ వద్దు, ఎందుకంటే బయట కొంటే నంబరు నువ్వు ఎంచుకోవచ్చు, బిడ్‌లో ఎంచుకోలేవు. బాగా తేడా ఉంటేనే పెట్టు. అది కూడా కనీస మొత్తానికి కాస్త పైన పెట్టి ఊరుకో, మనసు మారితే వాళ్ళు ఒప్పుకునేలోపు తగ్గించుకోవచ్చు, తీసేసుకోవచ్చు. ఒప్పుకున్నారంటే మాత్రం నిన్ను మళ్ళీ అడగరు. కార్డు మీద డబ్బు పడిపోతుంది, వెనక్కి రాదు. ప్రయాణం ఒకటి రెండు రోజుల్లో ఉందనగా కూడా ఇది జరగొచ్చు, కాబట్టి సామాను సర్దుకునే హడావుడిలో బిడ్ పెట్టిన సంగతి మర్చిపోకు. వద్దనుకుంటే ముందే తీసెయ్.

మీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. మీరు ముగ్గురూ ఒక గది, అమ్మానాన్నలు ఇంకో గది. ఏ గది బిడ్ ఆ గదిదే. మీ బిడ్ ఒప్పుకుని వాళ్ళది ఒప్పుకోకపోతే, మీరు పదో డెక్‌లో, అమ్మ ఆరో డెక్‌లో ఉంటారు. రాత్రి నాన్నగారికి మాత్ర కావాలంటే నువ్వు ఓడంతా నడవాలి. దీని గురించి ముందే మాట్లాడుకుని, విడిపోయినా ఫర్వాలేదనుకుంటేనే పెట్టండి. మరో సంగతి, ముగ్గురున్న గదికి మూడో పడక ఉన్న గదే కావాలి, చాలా బాల్కనీ గదుల్లో ఇద్దరికే చోటు. దానికి తోడు లైఫ్‌బోట్ లెక్క. ఓడలో ఉన్న ప్రతి మనిషికీ ప్రాణరక్షణ పడవల్లో చోటుండాలన్న నియమం టైటానిక్ మునిగాక 1914లో, సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాల మధ్య కుదిరిన సోలాస్ ఒప్పందంతో వచ్చింది. ప్రమాదం వస్తే ఏ గది వాళ్ళు ఏ చోట చేరాలో ముందే కేటాయిస్తారు. ఆ చోట మనుషులు నిండిపోతే, గది ఖాళీగా కనబడుతున్నా ముగ్గురికి ఇవ్వరు. బుకింగ్‌లో ఇద్దరని కొడితే గది చూపించి, ముగ్గురని కొడితే మాయమవుతుంటే కారణం ఇదే కావచ్చు. మీ ప్రయత్నం పొరపాటని అనుకోకండి.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు మాట. పై రకం గది అంటే మంచి గది అని కాదు నాన్నా. మా ఇద్దరికీ ఒకసారి అడగకుండానే పై రకం వచ్చింది, అదీ స్విమ్మింగ్ పూల్ డెక్‌కి సరిగ్గా కింద. ఇంకా తెల్లవారకముందే సిబ్బంది పడక కుర్చీలు సర్దడం మొదలుపెట్టేవాళ్ళు. ఒక్కో కుర్చీ కాళ్ళు మా నెత్తి మీద గరగరమంటూ ఆ మూల నుంచి ఈ మూలకి వెళ్ళేవి. కాసేపు ఆగేది, హమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకోగానే మళ్ళీ ఇంకో కుర్చీ. మీ పెదనాన్న ఆ వారమంతా పగలు లైబ్రరీలో కునుకు తీశారు.

అందుకని గది నంబరు రాగానే డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే పటం తెరిచి, ఆ నంబరు మీద వేలు పెట్టి, సరిగ్గా దాని పై డెక్‌లో ఏముందో, కింది డెక్‌లో ఏముందో చూడు. పైనా కిందా గదులే ఉంటే అంతకన్నా కావలసింది లేదు. పైన పూల్, బఫే ఉన్నా, కింద థియేటర్, డాన్స్ హాలు ఉన్నా నిద్ర కష్టం. ప్లాన్‌లో ఏమీ రాయకుండా తెల్లగా వదిలేసిన చోటు పక్కన ఉంటే అక్కడ వంటగదో సరుకుల గదో ఉంటుంది, చప్పుడు తప్పదు. రెండు గదుల మధ్య తలుపు గుర్తు ఉంటే పక్కవాళ్ళ మాటలు వినబడతాయి. అదే మీకూ అమ్మకీ అలాంటి జంట గదులు దొరికితే వదలకండి. కింది డెక్‌లో ఓడ ముందు భాగంలో ఉంటే, రేవు దగ్గర ఓడను పక్కకి తోసే థ్రస్టర్లు తిరిగినప్పుడల్లా మంచం కూడా వణుకుతుంది. ఓడ ఊగేటప్పుడు తక్కెడలో ముల్లు దగ్గరిలా నడిమి భాగంలో కదలిక తక్కువ, రెండు కొసల్లో ఎక్కువ. పై డెక్కులకి వెళ్ళేకొద్దీ ఊపు పెరుగుతుంది. కడుపులో తిప్పే మనిషికి పై అంతస్తు సూట్ కన్నా కింద నడిమధ్యలో ఉన్న మామూలు గదే హాయి, అమ్మ విషయంలో ఇది గుర్తుంచుకో.

బాల్కనీ అన్న మాటని కూడా గుడ్డిగా నమ్మకు. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్ తరహా ఓడల్లో లోపలి తోటవైపు తెరుచుకునే బాల్కనీలు ఉన్నాయి, అందంగానే ఉంటాయి గానీ సముద్రం కనబడదు. కొన్ని బాల్కనీల ముందు లైఫ్‌బోట్ అడ్డం ఉంటుంది. వ్యూకి అడ్డు ఉందని చిన్నక్షరాల్లో రాసే ఉంటారు, చదువుకోవాలి.

మీరు వెళ్ళేది అలాస్కా, అదీ మే నెలలో. అమెరికాలో బడులు ఇంకా నడుస్తుంటాయి కాబట్టి అక్కడి వేసవి మధ్యలో కన్నా మీకు గది మారే అవకాశం ఎక్కువ. ఏప్రిల్‌లోనూ, శీతాకాలం ముందూ ఓడలు ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి మారే పొడుగు ప్రయాణాల్లో కూడా ఇలాగే ఉంటుంది, ఇంకోసారికి గుర్తుంచుకో. అలాస్కాలో బాల్కనీకి విలువుందని ఒప్పుకుంటాను, ఉదయం కాఫీ కప్పుతో మంచు కొండల్ని చూసే సుఖం వేరు. కానీ అది లేకపోతే ప్రయాణం వృథా అని మాత్రం ఎవరు చెప్పినా వినకు. అలాస్కాలోని గ్లేసియర్ బే జాతీయ పార్కుకి రోజుకి రెండు పెద్ద క్రూయిజ్ ఓడల్నే అనుమతిస్తారు. అక్కడ పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో అన్నీ వివరిస్తారు. మార్జరీ గ్లేసియర్ అనే మంచునది ముందు ఓడ నెమ్మదిగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్ళకీ కనబడాలని. ఆ రోజు అందరూ పై డెక్ మీదే ఉంటారు, బాల్కనీ ఉన్నవాళ్ళు కూడా. అమ్మకి కుర్చీ దొరికేలా కాస్త ముందే వెళ్ళి కూర్చోబెట్టు, శాలువా, టోపీ మర్చిపోవద్దు.

కంపెనీ నుంచి అంటూ ఫోన్ వచ్చి, ఇంత కడితే సూట్ ఇస్తాం అంటే, నిజమైనదే కావచ్చు, అలా చేస్తారు కూడా. గది నంబరు అడుగు, డెక్ ప్లాన్ చూసి చెబుతానని పెట్టెయ్. కార్డు నంబరు మాత్రం ఆ ఫోన్లో ఇవ్వకు. ఏజెంట్ ద్వారానే కట్టు.

మీ గదీ అమ్మానాన్నల గదీ ఇప్పటికే పక్కపక్కన, లిఫ్ట్‌కి దగ్గర్లో పడి ఉంటే, అప్‌గ్రేడ్ చెయ్యొద్దని బుకింగ్‌లో రాయించమని ఏజెంట్‌కి చెప్పు. చాలా కంపెనీల్లో అలా గుర్తు పెడతారు. లేకపోతే మేలు చేస్తున్నామనుకుని అమ్మని ఎక్కడికో జరిపేస్తారు.

ముందు రెండు గదుల నంబర్లూ, డెక్కూ, ఫైనల్ పేమెంట్ తేదీ నాకు పంపు. నేనూ ప్లాన్ తెరిచి చూస్తాను. ఈ ఆదివారం అమ్మతో కూడా మాట్లాడి, బాల్కనీ ఆవిడకి నిజంగా కావాలా, లిఫ్ట్ పక్క గది చాలా అన్నది ఆవిడ నోటితోనే చెప్పించు.

ప్రేమతో,
పెద్దమ్మ