పాత గడ్డి కోసే ట్రాక్టరు కొన్నావు కదా, సామాను కొనేముందు ఇవి చూడు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. సీటు చిరిగింది, బానెట్ రంగు వెలిసింది. అవేమీ పట్టించుకోకు. సెల్ఫ్ కొడితే ఇంజన్ అర చుట్టు తిరిగి ఆగిపోతోందని, కొత్త బ్యాటరీ వెయ్యమని చుట్టుపక్కల వాళ్లు చెబుతున్నారని రాశావు. ఇప్పుడే కొనకు తల్లీ. పరీక్ష చెయ్యకుండా సామాను మార్చే అలవాటు పడిందంటే, బండి విలువకన్నా ఎక్కువ డబ్బు దాని మీద పోస్తావు. ఏది పాడైందో తేలాకే పర్సు తియ్యి.

అన్నిటికన్నా ముందు అది ఏ బండో తెలుసుకోవాలి. బానెట్ మీద పేరును నమ్మి సామాను తేలేం. ఒకే ఫ్యాక్టరీ బళ్లు వేర్వేరు పేర్లతో అమ్ముడవడం ఈ రంగంలో మామూలు. పాత క్రాఫ్ట్స్‌మన్‌నే తీసుకో. ఆ పేరు అప్పట్లో అమెరికాలోని సియర్స్ దుకాణాలది, బండి తయారుచేసింది వేరేవాళ్లు. మోడల్ నంబరు 917తో మొదలైతే అది రోపర్ కంపెనీ నుంచి ఏవైపీ కంపెనీకి, అక్కణ్ణుంచి హస్క్‌వర్నా కంపెనీకి వెళ్లిన వరసలోది. 247తో మొదలైతే ఎంటీడీ అనే కంపెనీ వాళ్లది. ఈ రెంటి బెల్టులూ బ్లేడులూ ఒకదానికొకటి సరిపోతాయని అనుకోకు. ఈ మోడల్ నంబరున్న స్టిక్కరు సీటు ఎత్తితే కిందో, వెనక మడ్‌గార్డు లోపల ఛాసిస్ మీదో ఉంటుంది. మురికి పట్టి కనబడకపోతే తడిగుడ్డతో మెల్లగా తుడువు. గీకావంటే స్టిక్కరుతో పాటు అంకెలూ పోతాయి.

ఇంజన్ నంబరు వేరు. బండి నంబరు చెప్పి ఇంజన్ సామాను అడగకూడదు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ ఇంజన్ అయితే దాని పైతొడుగు మీదో, వాల్వ్ కవర్ దగ్గరో మోడల్, టైప్, కోడ్ అని మూడూ ఉంటాయి. కోడ్‌లో మొదటి రెండంకెలు ఏడాది, తర్వాతి రెండు నెల, ఆ తర్వాతి రెండు తేదీ. 040512 అని మొదలైతే 2004 మే 12న తయారైన ఇంజన్ అన్నమాట. మోడల్ నంబరు ఆరంకెలుండి 31తో మొదలైతే 31 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 500 సీసీ. కోలర్ కంపెనీ ఇంజన్ అయితే మోడల్‌తో పాటు స్పెక్ నంబరు కూడా రాసుకో, సామాను దానిమీదే ఆధారపడుతుంది. ఈ నంబర్లన్నీ ఫోటో తీసి ఫోన్లో ఉంచుకుని, వాటితోనే ఆ మోడల్ మాన్యువల్ సంపాదించు. నేను కింద చెప్పే కొలతలు మామూలుగా ఉండేవి. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించు.

ఇప్పుడు నీ ఇంజన్ సంగతి. నీ వర్ణన బట్టి అది ఒకే సిలిండరున్న ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ లాగుంది. వీటిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) మీద ఉన్న చిన్న ఏర్పాటు ఒక వాల్వును కొద్దిగా ఎత్తి, సిలిండర్లో ఒత్తిడి కొంత బయటికి వదులుతుంది. అందుకే అంత చిన్న స్టార్టర్ మోటారు అంత పెద్ద పిస్టన్‌ను తిప్పగలుగుతుంది. ఆ ఎత్తు చాలా స్వల్పం. వాడగా వాడగా వాల్వ్‌కీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ పెరిగిపోతే, ఆ ఎత్తంతా ఖాళీలోనే కలిసిపోతుంది, వాల్వు తెరుచుకోదు. పూర్తి ఒత్తిడి ఎదురయ్యేసరికి మోటారు అక్కడికక్కడే ఆగిపోతుంది. చూసేవాళ్లకు అది బ్యాటరీ చచ్చినట్టే కనిపిస్తుంది. ఈ ఒక్క లక్షణానికి ఎందరో బ్యాటరీ మార్చి, స్టార్టర్ మార్చి, చివరికి బండినే ఇనుప సామానుకు వేసేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తేల్చుకోవడం కష్టం కాదు. బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి కొన్ని గంటలు ఊరికే వదిలి, మల్టీమీటర్ పెట్టు. 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కన్నా దిగిందంటే దాన్లో ఛార్జ్ నిలవడం లేదు. బ్యాటరీ టెర్మినళ్లు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు విప్పి, తుప్పు గీకి, మళ్లీ గట్టిగా బిగించు. అయినా అలాగే ఆగితే స్పార్క్ ప్లగ్ విప్పేసి, ప్లగ్ వైరు మెటల్‌కు ఎర్త్ చేసి, రంధ్రానికి దూరంగా ఉంచి, సెల్ఫ్ కొట్టు. ఇంజన్ గిర్రున తిరిగిందా, బ్యాటరీ, స్టార్టర్ రెండూ బాగున్నట్టే. అప్పుడు చూడాల్సింది వాల్వులు.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ కవర్ తియ్యి. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ, కంప్రెషన్ మీద, అంటే రెండు వాల్వులూ మూసుకుని గాలిని నొక్కుతూ, పిస్టన్ పైకొచ్చేలా చూడు. ప్లగ్ రంధ్రంలో చెక్క పుల్ల పెడితే అది తెలుస్తుంది. అక్కణ్ణుంచి పిస్టన్ పావు అంగుళం కిందికి దిగేదాకా తిప్పి ఆపు. ఆ స్థితిలో రెండు రాకర్లూ వదులుగా ఉండాలి. ఇప్పుడు ఫీలర్ గేజ్‌తో, అంటే కొలతలు రాసిన పలచటి రేకులతో, ఖాళీ కొలువు. బ్రిగ్స్ వాళ్ల ఇంటెక్ రకం సింగిల్ సిలిండర్ ఇంజన్‌కు ఇన్‌టేక్ వాల్వ్ 0.003 నుంచి 0.005 అంగుళాలు, ఎగ్జాస్ట్ 0.005 నుంచి 0.007 అంగుళాలు. కొలత తేడాగా ఉంటే రాకర్ మీది నట్టు తిప్పి సర్దు. గేజ్ రేకు కాస్త పట్టుకుంటూ జారాలి. ఆ నట్టు కదలకుండా లాక్ బిగించాక మరోసారి కొలువు, బిగింపులో కొలత కదులుతుంది. కవర్ గాస్కెట్ కొత్తది వెయ్యి. ఖర్చు ఆ గాస్కెట్ ఒక్కటే.

సెల్ఫ్ అసలు కొట్టకపోవడం వేరే జబ్బు. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదంటే ముందు ఫ్యూజు, తర్వాత మూడు స్విచ్‌లు: బ్రేకు లేదా క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కాలి, బ్లేడు స్విచ్ ఆపి ఉండాలి, కొన్ని బళ్లలో సీట్లో మనిషి కూర్చుని ఉండాలి. టక్ మని ఒక్క చప్పుడు వచ్చి ఆగితే బ్యాటరీ, కనెక్షన్లు, సొలెనాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్) అనే వరసలో వెళ్లు. సొలెనాయిడ్ టక్ మన్నప్పుడు ఒక పెద్ద బోల్టు దగ్గర ఉన్న 12 వోల్టులు రెండో పెద్ద బోల్టు దగ్గరా రావాలి. రాలేదంటే సొలెనాయిడ్ పోయింది.

సీటు స్విచ్ ఇబ్బంది పెడుతోందని దాని వైర్లు కలిపేసే వాళ్లున్నారు. నువ్వు మాత్రం ఎప్పుడూ ఆ పని చెయ్యకు. ఈ బళ్ల బ్లేడు కొస వేగానికి అమెరికన్ ప్రమాణం పెట్టిన హద్దే నిమిషానికి 19,000 అడుగులు. గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. మనిషి సీట్లోంచి జారితే బ్లేడు ఆగాలని ఆ స్విచ్ పెట్టారు. పాడైతే కొత్తది వెయ్యి. అలాగే, బ్లేడు తిరుగుతుండగా రివర్స్ వేస్తే ఇంజన్ ఆగిపోతోందని కంగారుపడకు. వెనకున్న పిల్లలు కనబడరని పెట్టిన ఏర్పాటు అది.

ఇంజన్ బాగా తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదంటే, పెట్రోలా స్పార్కా అన్నది తేల్చు. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోల్‌తో ఏ పరీక్షా నమ్మకంగా ఉండదు. దాన్ని తీసేసి తాజాది పోశాకే మిగతా మాట. కార్బ్యురేటర్ గిన్నె కింద పెట్రోల్ దారి తెరిచే చిన్న సొలెనాయిడ్ ఉంటే, తాళం ఆన్ చేయగానే అది టిక్కుమనాలి. అనలేదంటే పెట్రోల్ దారి మూసుకునే ఉంది, కార్బ్యురేటర్ విప్పక్కర్లేదు. స్పార్క్ రాకపోతే, దాన్ని పుట్టించే కాయిల్ కొనేముందు, దానికి వచ్చే సన్నటి ఇంజన్ ఆపే వైరు తీసి చూడు. అప్పుడు స్పార్క్ వస్తే తప్పు వైరింగ్‌లోనో స్విచ్‌లోనో ఉంది. ఆ పరీక్ష అయిపోగానే వైరు మళ్లీ పెట్టెయ్, లేదంటే తాళం తీసినా ఇంజన్ ఆగదు. కాసేపు నడిచి ఆగి, కాస్త ఆగాక మళ్లీ స్టార్టవుతుంటే ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడు. మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే సరిగ్గా ఇలాగే చేస్తుంది. అది కాకపోతే వేడికి కాయిల్ ఆగిపోతోందేమో చూడాలి.

ప్రతిసారీ స్టార్ట్ చేసేముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోల్ వాసన వస్తుంటే తాళం ముట్టుకోకు. కార్బ్యురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ సూది మూసుకోక పెట్రోల్ ఇంజన్లోకి కారుతోందన్నమాట. అలాగే నడిపితే బేరింగులు అరిగిపోతాయి. సిలిండర్ పెట్రోల్‌తో నిండిన స్థితిలో సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. సూది మార్చి, ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోశాకే నడుపు.

గడ్డి ఎగుడుదిగుడుగా తెగుతోందని డెక్ (బ్లేడుల మీది ఇనుప తొడుగు) లివర్లు తిప్పేముందు టైర్లలో గాలి చూడు. ముందు 14, వెనక 10 పీఎస్ఐ చాలా బళ్లకు సరిపోతుంది. ఒక టైరు మెత్తబడితే డెక్ మొత్తం ఒరుగుతుంది. గాలి సరిచేశాక చదునైన నేల మీద డెక్ రెండు పక్కలూ ఒకే ఎత్తులో, ముందు అంచు వెనకకన్నా పావు అంగుళం లోపు కిందికి ఉండేలా సర్దు. గడ్డి కొసలు తెల్లగా పీచుపీచుగా కనబడితే బ్లేడు మొద్దుబారింది. 25 గంటల పనికోసారి పదును పెట్టించు. పదును పెట్టాక బ్లేడు మధ్య రంధ్రాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలించి చూడు. ఏ వైపైనా దిగితే ఆ వైపు వెనక అంచు కాస్త అరగదియ్యి. ఒకవైపు బరువున్న బ్లేడు స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగులను తినేస్తుంది. వంగిన బ్లేడును సుత్తితో సాపు చెయ్యకు, పారెయ్.

డెక్ కింద చెయ్యి పెట్టేముందు తాళం తీసి జేబులో వేసుకుని, ప్లగ్ వైరు ఊడదియ్యి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టి కిందికి దూరకు, ఆధారంగా స్టాండ్లు ఉండాలి.

బెల్టు చూడ్డానికి కారు బెల్టులాగే ఉంటుంది, కానీ కారు బెల్టు వేస్తే చాలాకాలం నిలవదు. ఈ బళ్లలో పుల్లీ బెల్టును వెనకనుంచి నొక్కుతూ, వదులుతూ క్లచ్‌లా పనిచేస్తుంది. దానికి తగ్గ అరామిడ్ (చాలా గట్టి కృత్రిమ దారం) పోగులతో నేసిన బెల్టునే నంబరు చూసి కొను. ఇంజన్ నడుస్తున్నా బండి కదలకపోతే, గేర్‌బాక్స్ మీద నింద వేసేముందు వెనకున్న ఫ్రీవీల్ లివర్ (బండిని చేత్తో తొయ్యడానికి గేర్‌బాక్స్‌ను విడదీసేది) చూడు, ఎవరో లాగి వదిలేసి ఉండొచ్చు. తర్వాత బెల్టు. ఆ తర్వాత వెనక చక్రం యాక్సిల్ మీద కూర్చునే చోట ఉండే చిన్న చదరపు కీ. అది రాలిపోతే యాక్సిల్ తిరుగుతుంది, చక్రం తిరగదు.

ఆయిల్ 50 గంటలకో, ఏడాదికోసారో, ఏది ముందైతే అప్పుడు, ఇంజన్ వెచ్చగా ఉండగా మార్చు. ఎండ ఎక్కువున్న చోట్ల ఎస్ఏఈ 30 సరిపోతుంది. ఇది గాలితో చల్లబడే ఇంజన్ కనుక దాని ప్రాణం ఆ గాలి దారిలో ఉంది. పైతొడుగు కింద రెక్కల మధ్య గడ్డిపరకలు, ఎలుకల గూళ్లు చేరితే హెడ్ కాలిపోతుంది. ఏడాదికోసారి తొడుగు విప్పి శుభ్రం చెయ్యి. కోసేటప్పుడు థ్రాటిల్ నిండుగా పెట్టు. సగంలో నడిపితే ఇంజన్ ఆదా అవుతుందని కొందరంటారు గానీ, ఫ్యాన్ గాలీ తగ్గుతుంది, బ్లేడు కోతా పాడవుతుంది. పేపర్ ఎయిర్ ఫిల్టర్‌ను నీళ్లతో కడగకు, ఆయిల్ పట్టించకు. ముందు చక్రాల బుష్‌లకూ స్టీరింగ్ పళ్లకూ గ్రీజు పట్టించు. నీళ్ల పైపు పెట్టి వేడి ఇంజన్ కడగొద్దు, స్పిండిల్ బేరింగుల్లోకీ స్విచ్‌ల్లోకీ నీళ్లు దిగుతాయి.

వాలు మీద ఈ బండిని పైకీ కిందికీ నడపాలి గానీ అడ్డంగా కాదు. 15 డిగ్రీలు దాటిన వాలు మీదికి అసలు తీసుకెళ్లకు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నడపడం, ఎంత ముద్దొచ్చినా, వద్దు.

కొన్నాళ్లు వాడనప్పుడు పెట్రోల్ పూర్తిగా తీసెయ్, లేదా స్టెబిలైజర్ (పెట్రోల్ చెడిపోకుండా కలిపే మందు) కలిపి కొన్ని నిమిషాలు నడిపితే ఆ మందు కార్బ్యురేటర్ దాకా చేరుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు ముందు ప్లస్ వైరు. దాన్ని పొడిచోట పెట్టి, నెలకోసారి వోల్టేజి చూసి, 12.4కి దిగితే ఛార్జ్ పెట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న