లాగ్(1+ఎక్స్)/(1+ఎక్స్²) లాంటి నిశ్చిత సమాకలనులకు కచ్చితమైన విలువ ఎలా రాబట్టాలి?

మీరు అడిగింది 0 నుంచి 1 వరకు లాగ్(1+ఎక్స్)/(1+ఎక్స్²) గురించి. కంప్యూటర్ 0.2721982613 ఇస్తోంది, విభాగ సమాకలనం చేస్తే టాన్ ఇన్వర్స్ ఎక్స్/(1+ఎక్స్) దగ్గర ఆగిపోతోంది, అసలు దీనికి కచ్చితమైన రూపం ఉందా అని. ఉంది: (π/8) లాగ్ 2. (లాగ్ అంటే ఇక్కడ సహజ సంవర్గమానం.)

మీరు ఇరుక్కున్నది అనిశ్చిత సమాకలని కోసం వెతకడం వల్ల. ఈ ప్రమేయానికి అది మామూలు ప్రమేయాల్లో లేదు, డైలాగరిథమ్ అనే ప్రత్యేక ప్రమేయం వచ్చి పడుతుంది. అవధులు 0, 1 కాబట్టే జవాబు ఇంత చిన్నగా వచ్చింది. అందుకే ఇలాంటి లెక్కల్లో ముందు అవధుల వైపు చూడాలి, తర్వాతే ప్రమేయం వైపు.

హారంలో 1+ఎక్స్² కనిపించగానే ఎక్స్ = టాన్ తీటా అని ప్రతిక్షేపించండి. హారం పూర్తిగా పోతుంది. మిగిలేది 0 నుంచి π/4 వరకు లాగ్(1 + టాన్ తీటా). ఇది ఇంటర్ సెకండియర్ 2బి చదివినవాళ్లందరికీ తెలిసిన లెక్కే. తీటా బదులు π/4 − తీటా పెడితే:

1 + టాన్(π/4 − తీటా) = 2/(1 + టాన్ తీటా)

అంటే సమాకలని ఐ అనుకుంటే, ఐ = (π/4) లాగ్ 2 − ఐ. పని అయిపోయింది.

అయితే దీన్ని బట్టీపట్టి వదిలేస్తే తర్వాతి లెక్కలో దెబ్బ తింటారు. ఎగువ అవధి 1 కాకుండా 2 అయితే? లోపల లాగ్(1+ఎక్స్) అలాగే ఉంటే పై ఎత్తు పారదు, డైలాగరిథమ్ మళ్లీ వచ్చేస్తుంది. కానీ లోపల లాగ్(1+2ఎక్స్) ఉంటే పారుతుంది. ఎగువ అవధి, లోపలి గుణకం రెండూ కె అయినప్పుడు ఆల్ఫా = టాన్ ఇన్వర్స్ కె అనుకుని, తీటా బదులు ఆల్ఫా − తీటా పెట్టండి. విలువ ½ × ఆల్ఫా × లాగ్(1+కె²) అని తేలుతుంది. కె = 1 పెడితే మన జవాబే. అవధికీ గుణకానికీ జత కుదరడమే ఇందులో అసలు కిటుకు.

ఇలాంటి సౌష్ఠవం దొరకనప్పుడు పరామితిని, అంటే లెక్కలో లేని కొత్త అక్షరాన్ని, చొప్పించాలి. భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ పేరుతో ప్రచారంలో ఉన్నా ఇది లైబ్నిజ్ నియమమే: పరామితితో అవకలనాన్ని సమాకలని లోపలికి తీసుకెళ్లడం. చాలామంది తప్పు చేసేది పరామితిని ఎక్కడ పెట్టాలో ఎంచుకోవడంలో. రెండు షరతులు చూసుకోండి. పరామితితో అవకలనం చేయగానే ఇబ్బంది పెట్టే ముక్క (లాగ్, టాన్ ఇన్వర్స్, హారంలోని లాగ్) మాయమవ్వాలి. పరామితి ఏదో ఒక విలువ దగ్గర సమాకలని మనకు ముందే తెలిసి ఉండాలి. రెండోది లేకపోతే చివర్లో స్థిరరాశి తేలక కూర్చుంటారు.

ఉదాహరణకు 0 నుంచి π/2 వరకు ఎక్స్ × కాట్ ఎక్స్ తీసుకోండి. ఇందులో ఒట్టి ఎక్స్‌నే టాన్ ఇన్వర్స్(టాన్ ఎక్స్) అని రాసి, లోపల కె పెట్టాలి: టాన్ ఇన్వర్స్(కె టాన్ ఎక్స్)/టాన్ ఎక్స్. కె = 0 దగ్గర విలువ 0. కె తో అవకలనం చేస్తే 1/(1 + కె² టాన్² ఎక్స్) మిగులుతుంది. దాన్ని టి = టాన్ ఎక్స్ తో, పాక్షిక భిన్నాలతో సమాకలనం చేస్తే (π/2)/(1+కె). కె ను 0 నుంచి 1 దాకా సమాకలనం చేస్తే (π/2) లాగ్ 2, అంటే 1.08879. మధ్యలో పాక్షిక భిన్నాల్లో 1 − కె² హారంలోకి వస్తుంది, కె = 1 దగ్గర అది సున్నా. కంగారు పడొద్దు. లవంలోని 1 − కె తో అది కొట్టివేతకు పోతుంది, ఫలితం అక్కడ కూడా అవిచ్ఛిన్నమే.

ఎక్కడైనా అవకలనాన్ని సమాకలని లోపలికి తోసేయకండి. 0 నుంచి ∞ వరకు సైన్(కె ఎక్స్)/ఎక్స్ లో కె తో అవకలనం చేస్తే లోపల కాస్(కె ఎక్స్) వస్తుంది, దాని సమాకలని అభిసరించదు. అక్కడ సైన్ ఎక్స్/ఎక్స్ ను e ఘాతం (−బి ఎక్స్) తో గుణించి, బి ని పరామితిగా తీసుకోవాలి. అవకలజం −1/(1+బి²). బి అనంతానికి పోతే విలువ 0 కాబట్టి ప్రమేయం π/2 − టాన్ ఇన్వర్స్ బి, బి సున్నాకి చేరితే π/2.

ఇంకో ఉచ్చు: 0 నుంచి 2π వరకు 1/(2 + కాస్ ఎక్స్). టి = టాన్(ఎక్స్/2) పెడితే రెండు అవధులూ 0 అవుతాయి, జవాబు సున్నా వస్తుంది. ప్రమేయం ఎప్పుడూ ధనాత్మకం, సున్నా ఎలా అవుతుంది? ఎక్స్ = π దగ్గర టి తెగిపోతుంది, అది కారణం. 0 నుంచి π వరకు చేసి రెండింతలు చేయండి: 2π/√3, దాదాపు 3.6276.

దారి ఏదైనా, కలం పట్టకముందే సంఖ్యా విలువ కట్టి పెట్టుకోండి. పైథాన్‌లోని ఎంపీమ్యాథ్ అనే లైబ్రరీలో 50 అంకెల కచ్చితత్వంతో సమాకలనం చేసి, ఆ సంఖ్యనూ π లాగ్ 2, π², లాగ్² 2, కాటలాన్ స్థిరాంకం జి (0.9159655942) లాంటి అభ్యర్థులనూ పీఎస్ఎల్‌క్యూ అనే అల్గారిథమ్‌కి ఇవ్వండి. పూర్ణాంక గుణకాలతో సంబంధం ఉంటే అదే చూపిస్తుంది. 15 అంకెలతో మాత్రం సరిపెట్టుకోకండి. ఐదు స్థిరాంకాలు, మూడంకెల గుణకాలు ఉంటే ఆ కచ్చితత్వానికి అబద్ధపు సంబంధాలు సులువుగా దొరుకుతాయి. 50 అంకెల దగ్గర దొరికింది 80 దగ్గర కూడా నిలవాలి.

అలా నిలిచినా అది రుజువు కాదు. 0 నుంచి ∞ వరకు సైన్(ఎక్స్)/ఎక్స్ ను సైన్(ఎక్స్/3)/(ఎక్స్/3), ఆపై 5, 7 అంటూ 13 దాకా గుణించుకుంటూ పోతే ప్రతిసారీ సరిగ్గా π/2. 15 చేర్చగానే π/2 కన్నా దాదాపు 2.3 × 10⁻¹¹ తక్కువ. పది అంకెలు చూసినవాళ్లకు తేడానే కనిపించదు. 2001లో గణితవేత్తలు డేవిడ్, జొనాథన్ బోర్వైన్‌లు దీనికి కారణం చెప్పారు: 1/3 + 1/5 + … + 1/13 మొత్తం 1 లోపే (0.955), 1/15 కలిపితే 1 దాటుతుంది (1.022).

మీ లెక్కనే 0 నుంచి ∞ వరకు చేసి చూడండి. 1 నుంచి ∞ భాగంలో ఎక్స్ బదులు 1/ఎక్స్ పెడితే లాగ్(1+ఎక్స్) − లాగ్ ఎక్స్ వస్తుంది, 0 నుంచి 1 వరకు లాగ్ ఎక్స్/(1+ఎక్స్²) విలువ −జి. మొత్తం (π/4) లాగ్ 2 + జి, అంటే 1.46036 రావాలి.