లిల్లీ దుబ్బు గుబురెక్కింది, పూలు రావట్లేదు, ఏం చేయాలి?

నాలుగేండ్ల కింద పెట్టిన లిల్లీకి ఆకు ఏపుగా ఉంది, పూల కాడ మాత్రం లేవట్లేదు అన్నరు. మా ఇంట్ల కూడా అచ్చం ఇట్లనే అయింది. మాది హనుమకొండ, ఎర్రమట్టి పెరడు. ఎరువు చాలట్లేదేమో అని నేను పిడికెడు డీఏపీ చల్లిన. ఆకు ఇంకా గుబురైంది, అంతే.

మీరనేది దండల్లో కట్టే తెల్ల లిల్లీ, అంటే నేలసంపెంగే కదా? ఎండాకాలంల ఎర్రగా బంతిలెక్క పూసే ఫుట్‌బాల్ లిల్లీ అయితే ముట్టుకోకండి. దానికి ఇరుకే ఇష్టం, కదిలిస్తే అలుగుతది.

నేలసంపెంగల ఒకసారి పూసిన గడ్డ మళ్ల పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్లగడ్డలు లావెక్కి పూయాలె. వాటికి జాగ దొరకక ఆకుతోనే సరిపెడతయి. నేను ఒక దుబ్బు లేపి చూస్తే గడ్డలన్నీ ఒకదాన్నొకటి ఒత్తుకుని, వెల్లుల్లి పాయల లెక్క పక్కలు పలకలు తేలి ఉన్నయి. నడుమ మట్టే లేదు. నలభై దాకా లెక్కపెట్టి ఇడిసిపెట్టిన.

కాకపోతే నేను తవ్వింది ఆగస్టు ముసురుల. తవ్వుడు, విడదీసుడు, నాటుడు ఒక్కరోజే కానిచ్చిన. సగం కుళ్లినయి. "పచ్చి పుండు మీద నీళ్లు పోసినవు బిడ్డా" అన్నది మా అత్తమ్మ.

మరుసటి ఏడు ఆమె చెప్పినట్టు చేసిన. ఏప్రిల్‌ల నీళ్లు బంద్ పెట్టి, ఆకు పండినంక మే మొదట్ల గడ్డపారతో దూరం నుంచి లేపినం. దగ్గర పొడిస్తే గడ్డలు తెగుతయి. మట్టి దులిపి, చేత్తోనే విడదీసి, మెత్తబడ్డవి పారేసి, నెలరోజులు నీడల గోనెసంచి మీద పరిచినం. మిరుగం (మృగశిర కార్తె) వానలు పడ్డంక నాటుడు. కుంకుడుకాయంత, అంతకన్న పెద్ద గడ్డలే వరుసలల్ల పెట్టిన, మధ్య జానెడు ఎడం, రెండు మూడు వేళ్ల లోతు. చిన్నవాటిని ఓ మూలకు వేరే మడి చేసిన. అవి ఆ ఏడు పూయవు, పెరుగుతయి. గుంతల బాగా మాగిన పెంట ఎరువు తప్ప ఇంకేం వేయలే.

బతుకమ్మ నాటికి కాడలు లేసినయి. ఇప్పుడు మూడేండ్లకోసారి విడదీస్తున్న.

మీరు ఈ వానల్లో మాత్రం తవ్వకండి, ఎండాకాలం దాకా ఆగండి.