నీటిలో జారిన ఉంగరం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ ఫోనులో చెప్పిన సంగతి విన్నాను, నీవు పంపిన ఫొటోలు కూడా చూశాను. కార్తిక వనభోజనాలకు వెళ్లినప్పుడు పట్టిసీమ రేవుకు ఎదురుగా ఉన్న ఇసుక తిన్నె దగ్గర నీ స్నేహితుడి పెళ్లి ఉంగరం నీటిలో జారిపోయిందనీ, నీవు ఒక మెటల్ డిటెక్టరు తెప్పించుకుని వచ్చే ఆదివారమే వెతకడానికి బయలుదేరుతున్నావనీ అర్థమైంది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ రేవుల్లో పోయిన ఉంగరాలు, మెట్టెలు వెతికిపెట్టడం నాకు అలవాటు కనుక, నీవు బయలుదేరేలోగా తెలుసుకోవలసినవి ఈ ఉత్తరంలో వ్రాస్తున్నాను.

ఉంగరం ఈపాటికి ధవళేశ్వరం దాకా కొట్టుకుపోయి ఉంటుందని నీ స్నేహితుడి ఇంట్లో వాళ్లు దిగులు పడుతున్నారని వ్రాశావు. ఆ దిగులు అక్కర్లేదు. ఇసుక రేణువు నీటి కంటే సుమారు 2.65 రెట్లు బరువైనదైతే, 22 క్యారెట్ల బంగారం 17 రెట్లకు పైగా బరువైనది. అంత బరువైన వస్తువు వరద లేని రోజుల్లో, మోకాలి లోతు నీటిలో ప్రయాణం చేయదు. పడిన చోటనే అడుగుకు చేరి, మనుషులు తొక్కుతున్నకొద్దీ, అలలు కదుపుతున్నకొద్దీ, వదులు ఇసుకలో కిందికి దిగుతూ గట్టి పొర తగిలేదాకా పోయి అక్కడ ఆగుతుంది. శకుంతల ఉంగరాన్ని చేప మింగింది కదా అని మీ అత్తయ్య గుర్తు చేసింది గానీ, నేను వెతికిన ఉంగరాల్లో చేప జోలికి పోయినది ఒక్కటీ లేదు. ఉంగరం కదలదు; అది ఎక్కడ పడిందన్న మన జ్ఞాపకమే రోజురోజుకూ పక్కకు జరుగుతుంది. అందువల్ల డిటెక్టరు కంటే ముందు నీవు సంపాదించవలసినది సరైన చోటు.

ముందుగా నీ స్నేహితుణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి నిదానంగా అడుగు. ఎక్కడ పోయింది అని అడిగితే, ఉంగరం లేదని గమనించిన చోటే అతను చెబుతాడు. జారిన చోటు వేరు, గమనించిన చోటు వేరు. కాబట్టి ఉంగరాన్ని చేతికి ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నాడో, అక్కడి నుంచి ఏమేమి చేశాడో వరుసగా చెప్పించు. కార్తికంలో తెల్లవారుజామున నీళ్లు చల్లగా ఉంటాయి. చలికి వేళ్లు సన్నబడతాయి, వాటికి సబ్బు తోడైతే వేసవిలో బిగుతుగా ఉన్న ఉంగరం కూడా ఇట్టే జారుతుంది. ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారా, తల రుద్దుకున్నాడా, దోసిలితో అర్ఘ్యం వదిలాడా, ఎవరికైనా చేయి అందించి పైకి లాగాడా అన్నవి తప్పక అడుగు. నీళ్లు చల్లేటప్పుడు విసురుగా జారిన ఉంగరం మనిషి నిలబడిన చోటుకు రెండు మూడు గజాల అవతల పడుతుంది, తల రుద్దుకునేటప్పుడు జారినది కాళ్ల దగ్గరే పడుతుంది. ఆరోజు కట్టుకున్న తడి బట్టలు, తువ్వాలు మడతలు, సబ్బు పెట్టె, కారు సీటు సందులు మరొక్కసారి వెతికించు. ఒకసారి కోటిలింగాల రేవులో నేనూ ఇద్దరు గజ ఈతగాళ్లూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మునిగి తేలుతూ వెతికిన ఉంగరం, సాయంత్రం ఆ పెద్దమనిషి ఆరవేసిన పంచె కుచ్చెళ్లలోంచి రాలింది. ఆయన సిగ్గుపడి మాకు బందరు లడ్డూలు పంపించాడు.

నీవు పంపిన ఫొటోలు ఇక్కడ చాలా ఉపయోగపడతాయి. ఫోను చూపించే లొకేషను నాలుగైదు మీటర్లు తేడా చూపుతుంది, ఉంగరం వెతికేవాడికి అది పెద్ద తేడా. చేపలు పట్టేవారు నదిలో తమ చోటును గుర్తుపెట్టుకునే పద్ధతి మేలు: గట్టు మీద కదలని వస్తువులు రెండు ఒకదాని వెనుక ఒకటి ఒకే వరుసలో కనిపించే గీత ఒకటి, మరో దిక్కున అలాంటిదే ఇంకొక గీత. ఆ రెండు గీతలు కలిసే చోటే నీ చోటు. కొండ మీది గుడి శిఖరం ఏ చెట్టుకు పైగా కనిపిస్తోందో, అవతలి గట్టున కరెంటు స్తంభం దేనికి ఎదురుగా ఉందో ఆనాటి ఫొటోల్లో చూసి, నీళ్లలో అలాగే కనిపించేదాకా జరుగుతూ వెళ్లి నిలబడు. నిలబడిన వెంటనే వెదురు గెడ పాతు. స్నేహితులందరినీ వెంట తీసుకువెళ్లి కాళ్లతో తడిమించవద్దు. పదిమంది తొక్కితే ఉంగరం మరో జానెడు లోతుకు దిగుతుంది.

ఇక సమయం సంగతి. వచ్చే ఆదివారమే అన్న తొందర నాకు నచ్చలేదు. ఇప్పుడు నీటిమట్టం రోజూ కొంచెం కొంచెంగా తగ్గుతోంది, నీరు తేటపడుతోంది. ఇప్పుడు వెళ్లి చోటు గుర్తించి, గుర్తులు రాసుకుని, అందిన మేరకు వెతికి రావడం మంచిదే. దొరకకపోతే నిరాశపడకుండా పుష్యమాసం దాకా ఆగు. ఈ రోజు నడుము లోతున్న చోట అప్పటికి తడి ఇసుక తేలవచ్చు. పొడి నేల మీద గంటలో అయ్యే పని నీటిలో రోజంతా పడుతుంది. కాకపోతే శివరాత్రి తీర్థానికి ముందే పని ముగించాలి, ఎందుకంటే ఆ రెండు రోజుల్లో వేలాది పాదాలు ఆ తిన్నెలను తిరగదోడేస్తాయి. అది కూడా దాటి జూలై వరదలు వచ్చాయంటే ఆశ వదులుకోవలసిందే: గోదావరి ఒక్క వరదకు నిలువెత్తు మేట వేయగలదు, ఉన్న మేటను కోసుకునీ పోగలదు. బంగారం కదలదని పైన అన్న మాట వరద నీటికి చెల్లదు.

డిటెక్టరు విషయానికి వస్తే, మంచినీటికి నీవు కొన్న సాధారణ వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్యంతో పనిచేసే) రకం చాలు. సముద్రపు ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక ఆ రకం అంతర్వేది దగ్గర తడి ఇసుకలో తికమకపడుతుంది గానీ, పట్టిసీమలో ఆ బెడద లేదు. అయితే చాలా యంత్రాల్లో కింద ఉండే కాయిల్, అంటే తీగచుట్ట ఉన్న పళ్లెం మాత్రమే నీటిలో మునగడానికి తగినది, పైన ఉండే పెట్టె కాదు. నీది ఏ రకమో చూసుకో. వెళ్లేముందు ఇంట్లోనే సాధన చేయి. నీ స్నేహితుడి ఉంగరానికి దగ్గరి బరువున్న అరకాసు ఉంగరాన్ని అడిగి తెచ్చుకుని, గట్టి దారం కట్టి, ఇసుక పోసిన ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు, ఆరు, ఎనిమిది అంగుళాల లోతున పాతి, యంత్రం ఏ శబ్దం చేస్తోందో, ఏ అంకె చూపుతోందో విను. దారం కట్టడం మరచిపోతే రెండో ఉంగరం వెతకవలసివస్తుంది. చిన్న బంగారు ఉంగరం చేసే శబ్దానికీ మందుబిళ్లల రేకు చేసే శబ్దానికీ పెద్ద తేడా ఉండదని ఆ సాధనలో నీకే తెలుస్తుంది. చెత్తను వినిపించకుండా చేసే డిస్క్రిమినేషన్ మీటను ఇనుము దాటి పైకి పెంచితే, చెత్తతో పాటు ఉంగరాన్నీ యంత్రం దాచేస్తుంది. కాబట్టి ఇనుమును తప్ప దేన్నీ వదలకుండా, వినిపించిన ప్రతిదాన్నీ తవ్వడానికి సిద్ధపడి వెళ్లు. మరొక మాట, తెగిన ఉంగరమూ సన్నని గొలుసూ యంత్రానికి సరిగా వినిపించవు. పూర్తి వలయంలో విద్యుత్తు తిరిగినంత బలంగా తెగినదానిలో తిరగదు. అదృష్టవశాత్తూ నీవు వెతికేది నిండు ఉంగరం.

అయస్కాంతం తీసుకువెళతానని వ్రాశావు, అది బంగారాన్ని అంటదు. రేవుల్లో కుర్రాళ్లు తాడు కట్టిన అయస్కాంతాలు విసిరి నాణేలు లాగడం చూసి నీకు ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన స్టీలు నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి గనుక వారి పని జరుగుతోంది. ముందుగా మేకులు, సూదులు ఏరివేసి చోటు శుభ్రం చేసుకోవడానికైతే అయస్కాంతం నీకూ పనికొస్తుంది.

వెతికే తీరు ఇది. గెడ చుట్టూ పది మీటర్ల చదరం కొలిచి నాలుగు మూలలా కర్రలు పాతి, నైలాను తాడుతో మీటరు వెడల్పు వరుసలు కట్టు. ప్రవాహానికి దిగువ వైపు మొదలుపెట్టి ఎగువకు నడువు, అప్పుడు నీ కాళ్లు రేపిన బురద వెనక్కే పోయి ముందున్న నీరు తేటగా ఉంటుంది. కాయిల్‌ను నేలకు ఆనేటంత కిందుగా, ఒక ఊపు వేసిన చోటును మరో ఊపు సగం మేర కప్పేటట్టు, గడ్డి కోసే కొడవలిలాగా నిదానంగా తిప్పు. ఒక దిక్కుగా అయ్యాక అడ్డంగా మళ్లీ మొత్తం నడువు. శబ్దం వచ్చిన చోట చిల్లుల తోడును (ఇసుక తోడే చిల్లుల గరిటెను) సరిగ్గా పైనే గుచ్చక, కొంచెం వెనుక నుంచి లోతుగా దింపి ఎత్తు. అర అంగుళం చిల్లులైతే చాలు, ఇసుక జారిపోతుంది, ఉంగరం నిలుస్తుంది. లోతు నీటిలో లారీ ట్యూబు మధ్యన మేస్త్రీల ఇసుక జల్లెడ కట్టి పక్కనే తేలనిస్తే, ఎత్తినదల్లా అందులో పోసి కడుక్కోవచ్చు. ఎత్తిన తర్వాత అదే గుంటలో యంత్రాన్ని మళ్లీ తప్పక పెట్టు. పైన మేకు, దాని కింద ఉంగరం ఉండడం నేను చూశాను.

జల్లెడలో పడినవి నీతో మాట్లాడతాయి, వాటిని గమనించు. సీసా మూతలు, తేలికపాటి రేకులు మాత్రమే వస్తున్నాయంటే నీవింకా పై పొరలోనే ఉన్నావు, లేదా చోటు తప్పావు. వలల సీసపు గుళ్లు, పాత నాణేలు, నల్లని బరువైన ఇసుక కనిపించడం మొదలైందంటే నది బరువైనవాటిని దాచే పొర నీకు దొరికినట్టే. అక్కడ నెమ్మదించు.

రాతి మెట్లున్న రేవుల్లో, కాలువల్లో ఈ పద్ధతి వేరు. పుష్కరాలకు కట్టిన కాంక్రీటు మెట్లలో ఇనుప చువ్వలు ఉంటాయి కనుక డిటెక్టరు అక్కడ అరుస్తూనే ఉంటుంది. అడుగున గాజు బిగించిన బకెట్టును నీటిలో ఆనించి కళ్లతో చూడడం, మెట్ల మూలలూ రాళ్ల సందులూ వేళ్లతో తడమడం మాత్రమే దారి. కోనసీమలో కాలువ రేవుల్లో పోయినవాటికి నేను చెప్పేది ఒకటే: వేసవిలో కాలువలు కట్టేసేదాకా ఆగి, ఒండ్రు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే దిగండి.

ప్రమాదం గురించి కూడా గట్టిగా చెప్పాలి. ఇసుక తవ్విన గుంతలు తేట నీటిలో కూడా పైకి కనిపించవు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు మునక ఉంటుంది. గెడతో ముందు తడిమి, తర్వాతే అడుగు వేయి. లైఫ్ జాకెట్ లేకుండా, గట్టు మీద ఈత వచ్చిన మనిషి లేకుండా నీటిలో దిగవద్దు, చీకటి పడ్డాక నీటిలో ఉండవద్దు. ఎగువన పోలవరంలో నీరు ఎప్పుడు ఎంత వదులుతున్నారో ఆ ఉదయమే స్థానికుల ద్వారా కనుక్కో. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో 24 మంది హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు, పైనున్న ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికే బలయ్యారు. వర్షాకాలంలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఎంతటి ఉంగరమైనా వదిలేయవలసిందే.

వెతికేటప్పుడు నీది కానిది దొరికే అవకాశం ఎక్కువ. ఏం చేయాలో ముందే నిశ్చయించుకో. పాత శిక్షాస్మృతిలో 403వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఉంగరం గురించినదే: దొరికిన విలువైన ఉంగరాన్ని, సొంతదారు ఎవరో కనుక్కునే ప్రయత్నం చేయకుండా వెంటనే అమ్మేసినవాడు నేరస్థుడు. 2024 జూలై 1 నుంచి ఆ నేరం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షనులో ఉంది. ఉంగరం లోపలి వైపు చూడు. పేరు చెక్కి ఉండవచ్చు, 2021 జూలై తర్వాత హాల్‌మార్క్ పడిన నగ అయితే ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో వేస్తే ఏ నగల వ్యాపారి రిజిస్ట్రేషనుతో అది ముద్రపడిందో తెలుస్తుంది, ఆ దుకాణం ద్వారా మనిషిని పట్టుకోవచ్చు. ఎవరైనా వచ్చి నాదే అంటే, గుర్తులు వారి నోటితోనే చెప్పించిన తర్వాత చూపించు. పాతకాలపు నాణేల ముంత వంటిది తగిలితే ముట్టుకోక కలెక్టరుకు తెలియజేయాలి. 1878 నాటి నిధుల చట్టం పది రూపాయలు దాటిన దేనికైనా ఆ మాటే చెబుతోంది. అస్థికలు కలిపే రేవుల్లో చిన్న బంగారు తునక వస్తే, అది పోయినది కాదు, వదిలినది. నేనైతే తిరిగి నీటిలోనే వేస్తాను. రేవులో నాణేలు ఏరుకుని బతికే కుర్రాళ్ల చోట్లలోకి యంత్రంతో దిగవద్దు. వాళ్లను పలకరించి అడిగితే నదీగర్భం సంగతి నీ డిటెక్టరు కంటే వాళ్లే బాగా చెబుతారు.

నా చిల్లుల తోడు, జల్లెడ, పది అడుగుల వెదురు గెడ ఇంట్లో అటక మీద ఉన్నాయి. జల్లెడ చట్రం ఒక మూల వదులైంది, మేకు కొట్టించి తీసుకువెళ్లు. శనివారం రాత్రికే రాజమండ్రి వచ్చేస్తే తెల్లవారి ఇద్దరం కలిసి వెళదాం. నేను నీటిలో దిగను గానీ గట్టు మీద కూర్చుని గుడి శిఖరం ఏ చెట్టు మీదుగా కనిపిస్తోందో చెబుతాను. మీ అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు, లైఫ్ జాకెట్ సంగతి ఆమె అడుగుతుంది.

ఇట్లు,
మీ మావయ్య