ఘనా కెలెవెలె ఇంట్లో చేయాలంటే ఏ అరటి వాడాలి?
ఘనా వీధుల్లో సాయంత్రాలు అమ్మే కారం అరటి వేపుడు కెలెవెలె మన ఇంట్లో కుదురుతుందా అంటే, భేషుగ్గా కుదురుతుంది. కిటుకంతా పండులోనే. పచ్చి కూర అరటికి తీపి ఉండదు, మామూలు అరటిపండు నూనెలో చితికిపోతుంది. కేరళ చిప్స్‌కి వాడే పెద్ద రకం అరటి, అంటే నేంద్రం పండు, తొక్క మీద నల్లమచ్చలు పడి, ఇంకా కాస్త గట్టిగా ఉన్నప్పుడు సరిగ్గా సరిపోతుంది.

రెండు పళ్లను అంగుళం ముక్కలుగా కోయండి. అల్లం, ఉల్లిపాయ, ఎండుమిర్చి, 2 లవంగాలు, ఉప్పు కలిపి ముద్దగా నూరి పట్టించి, పావుగంట ఉంచండి. అల్లం దగ్గర పిసినారితనం వద్దు. కాగిన నూనెలో కొన్ని కొన్నిగా వేసి, మధ్యస్థ మంట మీద ఎర్రగా వేయించాలి. పండులో చక్కెర ఎక్కువ కదా, మంట పెంచితే ఇట్టే మాడిపోతాయి. అక్కడ వీటిని వేయించిన పల్లీలతో తింటారు.