కోయ పిల్లల బడికి ఛాత్రోపాధ్యాయులను పంపే ముందు

మా డీఎడ్ (టీచర్ శిక్షణ) కాలేజీ విద్యార్థులను, అంటే ఛాత్రోపాధ్యాయులను, ఇంటర్న్‌షిప్‌కి భద్రాచలం ఏజెన్సీ బడులకు పంపుతున్నాం, ముందుగా వాళ్లకు ఏం నేర్పాలి అని మీరు అడిగారు. ఆ వైపు ఒక కోయ గిరిజనుల గూడెంలో పదకొండేళ్లు ఎస్జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

నేను చేరిన మొదటి వారం. రెండో తరగతి పిల్లాడొకడు లేచి "ఏరు, ఏరు" అన్నాడు. ఊరి పక్కనే వాగు ఉంది. ఆడుకోవడానికి వెళ్తానంటున్నాడనుకుని "ఇప్పుడు ఏరెందుకురా, కూర్చో" అని గద్దించాను. కూర్చున్నాడు. మధ్యాహ్నం వంటమ్మ చెప్పింది: "వాడు మంచినీళ్లు అడిగిండు సారూ. మా కోయలో ఏరంటే నీళ్లే." రెండు గంటలు వాడు దాహంతో కూర్చున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

కోయ బొత్తిగా తెలియని భాషలా వినిపిస్తే మనమే అడిగి తెలుసుకుంటాం. తెలుగుకి దగ్గరగా ఉండడంతో అర్థమైపోయిందనుకుంటాం, చిక్కంతా అక్కడే. అందుకే వెళ్లకముందే నీళ్లు, ఆకలి, నొప్పి, భయం, ఒంటేలు లాంటి మాటలైనా కోయలో నేర్పించండి. గిడుగు రామమూర్తి పంతులు సవర అనే గిరిజన తెగ పిల్లలకు చదువు చెప్పాలనుకుని ముందు తాను సవర నేర్చుకున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గిరిజన పిల్లలకు ఇంటి భాషలోనే చదువు మొదలుపెట్టే బహుభాషా విద్య వచ్చాక కోయతో కలిపి ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చారు. తెలుగు లిపిలోనే ఉంటాయి. పాత ప్రతులు దొరికితే దాచుకోండి.

రెండోది హాజరు. మార్చి 15 వచ్చేసరికి ఒంటిపూట బడి, ఉదయం ఎనిమిదింటికే గంట. ఇప్పపూలు చెట్ల నుంచి రాలిపడేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. తెల్లవారకముందే చెట్టు కిందికి చేరి, పశువులు మేసేలోపు ఏరుకోవాలి. ఆ నెలలో ఇంటికి అదే రాబడి. పిల్లలు బడికి రాకపోతే "వీళ్లకి చదువు మీద శ్రద్ధ లేదు" అని రికార్డులో రాసుకున్న ఛాత్రోపాధ్యాయులను చూశాను. వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. ఒక అమ్మాయి మాత్రం పిల్లల వెంట చీకట్లోనే వెళ్లింది. తొమ్మిదిన్నరకి అందరినీ వెంటబెట్టుకుని వచ్చి, ఎవరు ఎన్ని గంపలు ఏరారో బోర్డు మీద రాసి కూడికలు చేయించింది. నోరు విప్పని పిల్లలు ఆ రోజు ఒకరి మీద ఒకరు పడి లెక్కలు చెప్పారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను.

ఇదంతా జరగాలంటే వాళ్లు ఊళ్లోనే ఉండాలి. రోజూ బస్సులో వచ్చి నాలుగింటి బస్సుకి పరిగెత్తేవాళ్లకి గూడెం తెలియదు. ముందు బస చూడండి, ముఖ్యంగా ఆడపిల్లలకి. మొదటి వారం లెసన్ ప్లాన్ అడగొద్దు. ఇళ్లకు వెళ్లి, విని, రాసుకొచ్చిన దానికి మార్కులు ఇవ్వండి. మార్కులు దేనికి ఇస్తే మీ విద్యార్థులు దాని మీదే కూర్చుంటారు, టీఎల్ఎం (బోధన సామగ్రి) చార్టులకి ఎంత రాత్రి మేల్కొంటారో మీకు తెలియంది కాదు.

అన్నట్టు, మీ బ్యాచ్‌లోనే కోయ విద్యార్థులు ఉండి ఉంటారు. వాళ్లకు ఇష్టమైతే మొదటి క్లాసు వాళ్లతోనే చెప్పించండి, మీరు వెనక బెంచీలో కూర్చోండి.